రెండు దెబ్బలు

సోమవారం ఉదయం రెబెక్కమ్మ గంట కొట్టి అరగంటైనా బడికి ఒక్క పిల్లా రాలేదు.

పాక ముందు గుంజకు వేలాడే రైలుపట్టా ముక్క మీద ఆమె ఇనుప కడ్డీతో మళ్ళీ కొట్టింది. మామూలుగా మొదటి మోతకే గుల్లదిబ్బ పిల్లలు ఇరవై ఆరు మందీ పలకలు చంకన పెట్టుకుని ఇసకలో పడుతూ లేస్తూ వచ్చేవాళ్ళు. ఇవాళ సరుగుడు తోట వైపు నుంచి గాలి తప్ప ఏమీ రాలేదు. ఆమె హాజరు పట్టీ తెరిచి, 1961 ఫిబ్రవరి అని రాసి ఉన్న పేజీలో తేదీ వేసి, కలానికి మూత పెట్టి కూర్చుంది.

అప్పుడు కనిపించారు. ముందు రాఘవమ్మ, కూతురు చెంచులక్ష్మిని ఎత్తుకుని. ఏడేళ్ళ పిల్లను ఎత్తుకుని రావడమే వింతగా ఉంది. ఆమె వెనక మొగుడు హజరత్తయ్య, ఆ వెనక ఊరి కాపు మస్తానయ్య, ఇంకో పదిమంది ఆడవాళ్ళు. గుల్లదిబ్బ చేపలు పట్టేవాళ్ళ ఊరు. అక్కడ తగవు తీర్చేదీ కట్టుబాటు వేసేదీ కాపే. ఆయన బడి దాకా వచ్చాడంటే చిన్న సంగతి కాదు.

రాఘవమ్మ పిల్లను అరుగు మీద దింపి రవిక చెయ్యి పైకి లాగింది.

"చూడు టీచరమ్మా, నీ చేతి పని."

మోచేతికీ మణికట్టుకూ నడుమ రెండు మచ్చలు. నేరేడుపండు నలిపి పూసినట్టు నల్లగా, అంచుల్లో పచ్చబారి ఉన్నాయి. రాఘవమ్మ అంతటితో ఆగలేదు. పిల్లను వెనక్కి తిప్పి రవిక ఎత్తింది. వీపున అరచేతంత మచ్చ. పావడా ఎత్తింది. తొడ మీద ఒకటి, మోకాలి కింద మూడు.

"బిడ్డ అనుకున్నావా, గొడ్డు అనుకున్నావా?"

రెబెక్కమ్మ శుక్రవారాన్ని గుర్తు చేసుకుంది. మూడో ఎక్కం. చెంచులక్ష్మి రెండుసార్లు తప్పు రాసి, మూడోసారి అసలు రాయకుండా పలక ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చుంది. రూళ్ళకర్ర తీసి చేతి మీద వేసింది. ఆ పిల్ల ఏడవలేదు. చేతిని పావడాలో దాచుకుంది, అంతే.

"రెండు దెబ్బలు కొట్టాను రాఘవమ్మా. చేతి మీద."

"ఈపు మీదవి ఎవురు కొట్టినారు? సముద్రం వచ్చి కొట్టిందా?"

ఆడవాళ్ళలో ఎవరో "అయ్యో" అన్నారు. రెబెక్కమ్మ చెంచులక్ష్మి మొహంలోకి చూసింది. పిల్ల కళ్ళలో కోపం లేదు, భయమూ లేదు. నిద్ర చాలనట్టు తూలుతోంది. ఆ మచ్చల్ని చూసేకొద్దీ రెబెక్కమ్మకు తన మీద తనకే నమ్మకం జారిపోయింది. ఆ రోజు తలనొప్పిగా ఉండింది. విసుగ్గా కూడా ఉండింది. రెండేనా?

మస్తానయ్య భుజం మీది తువ్వాలు తీసి మళ్ళీ వేసుకున్నాడు. అరవలేదు. అరిచినా బాగుండేది.

"మీరు మా ఊరికొచ్చి నాలుగేండ్లు టీచరమ్మా. మీ మాట మేం కాదనింది లేదు. ఇది మాత్రం బాగలేదు. ఇయ్యాల్టి నుంచి పిల్లోళ్ళు బడికి రారు. ఇంకొక అయ్యోరిని పంపమని బడి నడిపే మిషనోళ్ళకు కబురు పెడతాం. అందాక మీతో ఎవురికీ మాటాపలుకూ ఉండదు."

వాళ్ళు వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం రెబెక్కమ్మ బిందె తీసుకుని చెలమ దగ్గరికి పోయింది. ఊరికంతా ఆ ఇసక గుంటలో ఊరే నీళ్ళే మంచినీళ్ళు. అక్కడ చేరిన ఆడవాళ్ళు ఆమెను చూడగానే నిండిన కుండల్ని, నిండని కుండల్ని కూడా తీసుకుని పక్కకు జరిగి నిలబడ్డారు. ఆమె గుంట పక్కన గొంతుక్కూర్చుని కొబ్బరి చిప్పతో నీళ్ళు తోడుకుంటున్నంతసేపూ వాళ్ళు సముద్రం వైపు చూస్తూ నిలబడ్డారు. తొందరలో నీళ్ళు కలకబారి బురద లేచింది. తేరేదాకా ఆగే ధైర్యం లేక ఆ బురద నీళ్ళే ఇంటికి తెచ్చుకుంది. బడి పాక వెనక ఉన్న ఒంటిగదే ఆమె ఇల్లు. అన్నం వండింది. తినబోతే, రోజూ ఈ వేళకు గడపలోకి తొంగిచూసి "కూరేంది టీచరమ్మా?" అని అడిగిపోయే పక్కింటి ముసలమ్మ కూడా రాలేదని గుర్తొచ్చింది. పళ్ళెం మీద మూత పెట్టింది.

*

మంగళవారం కూడా గంట కొట్టింది. ఎవరూ రారని తెలిసి కూడా కొట్టింది. పట్టీలో ఇరవై ఆరు పేర్లకూ ఎదురుగా సున్నాలు చుట్టింది. తర్వాత చాలాసేపు ఉత్త చాపల్ని చూస్తూ కూర్చుంది.

పదకొండు గంటల వేళ లేచి రూళ్ళకర్ర తీసుకుంది. ఎడమ చెయ్యి బల్ల మీద చాపి, చీర కొంగు పళ్ళ మధ్య పెట్టుకుని, బలమంతా పెట్టి కొట్టుకుంది. ఒకటి. రెండు. మనసొప్పక ఇంకో రెండు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెయ్యి మీద నాలుగు ఎర్రటి చారలు ఉబికి వచ్చాయి. ఇప్పుడు తెలుస్తుంది అనుకుంది. గదిలోకి పోయి బియ్యం ఏరింది, పాత్రలు తోమింది, మధ్యమధ్య చెయ్యి చూసుకుంది. రెండు గంటలకు చారలు చదునయ్యాయి. నాలుగు గంటలకు వెలుతురులోకి పట్టి చూస్తే తప్ప కనిపించలేదు. పొద్దు వాలే వేళకు ఏమీ లేదు.

నలభై ఏళ్ళు దాటిన ఒళ్ళు, పిల్ల ఒళ్ళు ఒకటి కాదు కదా అని కూడా అనుకుంది. అయినా వీపు మీద మచ్చ సంగతేమిటి? చెప్పులు తొడుక్కుని బయల్దేరింది.

హజరత్తయ్య గుడిసె ముందు వల పరుచుకుని చిరుగులు కుడుతున్నాడు. ఆమెను చూసి చేతిలోని అల్లిక కండె ఆపాడు. రమ్మనలేదు, పొమ్మనలేదు. గడప లోపల చెంచులక్ష్మి చాప మీద పడుకుని ఉంది. ముక్కు దగ్గర గుడ్డ. ఆ గుడ్డ ఎర్రగా తడిసి ఉంది.

"మళ్ళీ ఎందుకొచ్చినావు?" రాఘవమ్మ లేచి నిలబడింది.

"ఒక్కసారి చూసి పోతాను."

"చూసింది చాలు."

రెబెక్కమ్మ గడప దాటలేదు. అక్కడే కింద కూర్చుంది. చాప చివర పిల్ల పాదాలు ఆమెకు దగ్గరగా ఉన్నాయి. చీలమండల చుట్టూ, పాదాల మీద, రాగి గింజలంత ఎర్రటి చుక్కలు. పదీ ఇరవై కాదు, లెక్కలేనన్ని. పావడా బొందు బిగిసిన చోట నడుం చుట్టూ కూడా అవే చుక్కలు, దారం గుచ్చినట్టు వరసగా.

"రాఘవమ్మా, ఈ చుక్కలు ఎప్పటి నుంచి?"

రాఘవమ్మ వంగి చూసింది. ఆమె కూడా వాటిని అప్పుడే చూసినట్టుంది.

"ఇవి దెబ్బలు కావు. దోమకాటూ కాదు. పిల్లకు ఈ మధ్య జ్వరమేమైనా వచ్చిందా?"

"తట్టు పోసింది," బయటి నుంచి హజరత్తయ్య అన్నాడు. "మూడు వారాలైంది. అమ్మవారికి నీళ్ళు పోసి చల్లబరిచినాం. బాగయింది."

"ముక్కు నుంచి నెత్తురు ఎన్నాళ్ళుగా?"

ఈసారి రాఘవమ్మ చెప్పింది, గొంతు తగ్గించి. "నిన్నట్నించి. పొద్దున పండ్లు తోమిస్తే నోట్లోంచి కూడా వచ్చింది. నువ్వు కొట్టిన భయానికి అనుకున్నాం."

"నెల్లూరు పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. రేపే."

రాఘవమ్మ మొగుడి వైపు చూసింది. హజరత్తయ్య వల మడిచి పక్కన పెట్టాడు. "పోదాం. ఈమె కూడా రావాల. ఏం చేసిందో డాక్టరు ముందర ఈమె నోటితోనే చెప్పాల."

"వస్తాను," అంది రెబెక్కమ్మ.

*

తెల్లవారగానే పడవలో కాలువ దాటారు. అవతలి గట్టున ఎద్దులబండి దొరికింది. బండిలో రాఘవమ్మ పిల్లను ఒళ్ళో పెట్టుకుని, రెబెక్కమ్మకు వీపు పెట్టి కూర్చుంది. బిట్రగుంట చేరేసరికి ఎండ ఎక్కింది. నెల్లూరు పోయే రైలు పెట్టెలో పిల్లను చూసి ఒక పెద్దావిడ జరిగి చోటిచ్చింది.

"ఏమైందమ్మా బిడ్డకు? ఒళ్ళంతా ఈ మచ్చలేంది?"

"బళ్ళో టీచరు కొట్టింది," అంది రాఘవమ్మ.

"చేతులు పడిపోనూ! ఎవతె అది?"

రాఘవమ్మ చెప్పలేదు. చూపు కూడా తిప్పలేదు. ఎదురు బల్ల మీద రెబెక్కమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ఆ పెద్దావిడ దారి పొడవునా టీచర్లను తిడుతూ, మధ్యలో రెబెక్కమ్మను చూసి, "నువ్వు చెప్పమ్మా, అట్టాంటిదాన్ని ఏం చెయ్యాల?" అని అడిగింది.

రెబెక్కమ్మ నోరు తెరిచేలోపు చెంచులక్ష్మికి ముక్కులోంచి నెత్తురు ధార కట్టింది. రాఘవమ్మ గుడ్డ అడ్డం పెట్టింది. నెత్తురుకు తడిసి గుడ్డ జారింది. రెబెక్కమ్మ లేచి, పిల్ల తలను ముందుకు వంచి, ముక్కు మెత్తటి భాగాన్ని రెండు వేళ్ళతో నొక్కి పట్టుకుంది. "నోటితో గాలి తీసుకో తల్లీ," అంది. రాఘవమ్మ వద్దనలేదు. నెల్లూరు వచ్చేదాకా రెబెక్కమ్మ అట్లా వంగి నిలబడే ఉంది. వేళ్ళు తిమ్మిరెక్కాయి.

పిల్లల వార్డు డాక్టరు జీవానందం గారు యాభై ఏళ్ళ మనిషి, నెమ్మదిగా మాట్లాడతాడు. ఆయన స్టెతస్కోపు మెడలోంచి తీయకముందే రెబెక్కమ్మ చెప్పింది.

"నేను వీళ్ళ ఊరి బడి టీచర్నండి. శుక్రవారం రూళ్ళకర్రతో చేతి మీద కొట్టాను. రెండు దెబ్బలు."

ఆయన ఆమెను ఒకసారి చూసి తల ఊపాడు. పిల్లను నోరు తెరవమన్నాడు. లోపలి బుగ్గ మీద నల్లద్రాక్షలాంటి నెత్తుటి బుడగ ఉంది. పొట్ట నొక్కి చూశాడు, మెడ తడిమాడు. చెవి తమ్మెకు సూదితో చిన్న గాటు పెట్టి, గడియారం చూసుకుంటూ మెత్తటి కాగితంతో అద్దాడు. అర నిమిషానికొకసారి అద్దుతూ పోయాడు. కాగితం మీద ఎర్రటి చుక్కలు వరస కట్టాయి. మామూలుగా నాలుగైదు నిమిషాలకు ఆగాల్సిన చుక్క పన్నెండు నిమిషాలైనా ఆగలేదు. తర్వాత రక్తపోటు చూసే పట్టీని పిల్ల కుడిచేతికి, మచ్చ లేని చేతికి, చుట్టి గాలి కొట్టి అట్లాగే ఉంచాడు.

"నొప్పిగా ఉందా పాపా?"

"కొంచెం."

"ఐదు నిమిషాలు ఓర్చుకో. ఏం చదువుతున్నావు?"

"ఒకటో తరగతి. మూడో ఎక్కం రాదు."

పట్టీ విప్పాడు. మోచేతి మడత కింద, అంతదాకా నున్నగా ఉన్న చర్మం మీద, అందరూ చూస్తుండగానే ఎర్రటి చుక్కలు లేచాయి. పాదాల మీద ఉన్నవే.

"చూశావా అమ్మా?" డాక్టరు రాఘవమ్మను దగ్గరికి పిలిచాడు. "ఇప్పుడు ఈ చేతిని ఎవరు కొట్టారు?"

రాఘవమ్మ ఆ చుక్కల్ని వేలితో రుద్ది చూసింది. అవి పోలేదు.

సాయంత్రానికి నెత్తురు పరీక్ష వచ్చింది. జీవానందం గారు వార్డులోకి వచ్చి మంచం అంచున కూర్చుని హజరత్తయ్యతో మాట్లాడాడు.

"నువ్వు వేటకు పోతావు కదా. వల రోజూ ఎక్కడో ఒకచోట తెగుతుందా లేదా?"

"తెగుతుంది సామీ. కుడతాం."

"మన ఒంట్లో నెత్తురు పారే సన్నటి దారులు కూడా అంతే. నడిచినా, కూర్చున్నా ఎక్కడో చిన్న చిల్లు పడుతుంది. వాటిని ఎప్పటికప్పుడు పూడ్చే కణాలు నెత్తురులోనే ఉంటాయి. కంటికి కనపడవు. రెండు లక్షలు ఉండాల్సిన చోట నీ బిడ్డకు ఎనిమిది వేలే ఉన్నాయి. పూడ్చేవాళ్ళు లేక నెత్తురు చర్మం కిందికి ఊరుతోంది. ఆ మచ్చలు అవే. పక్కకు ఒత్తిగిలి పడుకున్నా వస్తాయి."

"ఎందుకు తగ్గినాయి సామీ? మా వంశంలో ఎవురికీ లేదే."

"వంశంతో పని లేదు. తట్టు వచ్చింది చూడు, దాంతో పోట్లాడిన ఒళ్ళు, అది తగ్గినాక కూడా ఊరుకోక తన కణాల్నే శత్రువులనుకుని చంపుకుంటోంది. కొందరు పిల్లలకు ఇట్లా అవుతుంది. అంటుకునే జబ్బు కాదు. చాలామందికి కొన్ని వారాల్లోనో నెలల్లోనో తనంతట తానే సర్దుకుంటుంది. మాత్రలు ఇస్తాను. పిర్రకు సూది వేయించొద్దు, పరుగులు పెట్టనీయొద్దు. ముక్కు నుంచి చాలా పోయింది కాబట్టి ఒక సీసా నెత్తురు ఎక్కించాలి."

"అయితే," రాఘవమ్మ మాట కూడదీసుకుంది, "దెబ్బల వల్ల కాదా?"

"కాదమ్మా. ఆ రెండు దెబ్బలు ఇంకో పిల్లకు తగిలి ఉంటే సాయంత్రానికి మాసిపోయేవి. ఎవరికీ తెలిసేది కూడా కాదు. ఈ పిల్ల ఒంటి మీద కనిపించాయి, అంతే."

రెబెక్కమ్మ వార్డు గుమ్మం దగ్గర నిలబడి విన్నది. మూడు రోజులుగా ఆ మాట కోసమే ఎదురుచూసింది. వచ్చింది. గుండె తేలికపడాలి. తేలికపడినట్టే అనిపించి, మళ్ళీ ఏదో అడ్డం తగిలింది. ఎవరికీ తెలిసేది కూడా కాదు.

"నా నెత్తురు తీసుకోండి డాక్టరు గారూ," అంది ముందుకొచ్చి.

తీసి చూశారు. కలవలేదు. హజరత్తయ్యది కలిసింది. పెనుగాలిలో సముద్రం మీదికి పోయే మనిషి, సూది గుచ్చుతుంటే కళ్ళు గట్టిగా మూసుకుని పిల్లాడిలా పెదవి కరుచుకున్నాడు. రెబెక్కమ్మ వరండాలో బల్ల మీద కూర్చుంది. వేలి కొనకు అంటించిన దూది ఇంకా అట్లాగే ఉంది. తీసి పారేసింది. ఎదురుగా జనం పళ్ళ బుట్టలతో, ఫ్లాస్కులతో తమతమ వాళ్ళ దగ్గరికి పోతున్నారు. తనను ఇక్కడ ఎవరూ ఏమీ అడగరు. ఆసుపత్రిలో ఇంతమంది మధ్య తాను ఎవరికి చుట్టమో చెప్పడం కష్టం.

చీకటి పడే వేళకు రాఘవమ్మ గుమ్మంలోకి వచ్చింది. క్షమించమని అనలేదు. "నీళ్ళు తెచ్చుకోవాల. రా, వచ్చి కూర్చో," అంది. రెబెక్కమ్మ లోపలికి పోయి మంచం చివర కూర్చుంది. రాఘవమ్మ కూతురి పాదాలు రెండూ ఎత్తి, జాగ్రత్తగా, రెబెక్కమ్మ ఒళ్ళో పెట్టి, చెంబు తీసుకుని బయటికి పోయింది.

*

గురువారం రెబెక్కమ్మ ఒక్కతే ఊరికి వచ్చింది. ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పినా వినడానికి ఎవరూ లేరు. చెలమ దగ్గర మళ్ళీ కుండలు పక్కకు జరిగాయి. ఆదివారం మధ్యాహ్నం హజరత్తయ్య బట్టల కోసం వచ్చి, కాపు ఇంటి ముందు నలుగురినీ పిలిచి జరిగింది జరిగినట్టు చెప్పాడు. నెత్తురు ఆగిందనీ, కణాలు ముప్పై వేలకు పెరిగాయనీ, ఇంకో వారంలో పిల్లను ఇంటికి పంపుతారనీ చెప్పాడు. సాయంత్రం పక్కింటి ముసలమ్మ గడపలోకి తొంగిచూసి, ఏమీ జరగనట్టు, "కూరేంది టీచరమ్మా?" అంది.

సోమవారం మొదటి గంటకే పిల్లలు వచ్చేశారు. వాళ్ళ వెనకే మస్తానయ్య. తాటాకు బుట్టలో రెండు వంజరం చేపలు తెచ్చి అరుగు మీద పెట్టాడు.

"పొరపాటు మాదే టీచరమ్మా. తెలవక ఒక మాట అన్నాం. మనసులో పెట్టుకోవద్దు."

"పిల్ల బాగుంది కదా. అదే చాలు," అంది రెబెక్కమ్మ.

ఆయన మొహం వికసించింది. పిల్లల వైపు తిరిగి, వాళ్ళకూ వినపడేటట్టు గొంతు పెంచాడు. "ఆ బిడ్డ ఒక్కదాన్ని వదిలిపెట్టండి. డాక్టరు చెప్పినాడంట కదా. మిగిలిన ఈ కోతుల్ని మాత్రం మీరు ఎట్టా కొట్టినా ఇంక ఒక్కడు నోరెత్తడు. నాది పూచీ. వీళ్ళవి గట్టి ఒళ్ళు, ఏం కావు." నవ్వుతూ దిగి వెళ్ళిపోయాడు. వాకిట్లో నిలబడ్డ తల్లులు కూడా నవ్వారు. ఆమెకు అంతకంటే గౌరవం ఆ ఊళ్ళో ఇంకెవరూ ఇవ్వలేరు.

రెబెక్కమ్మ బడిలోకి వచ్చి నిలబడింది. పిల్లలు చాపల మీద సర్దుకుని ఆమె చేతుల వైపు చూస్తున్నారు. వారం రోజులు రాలేదు కాబట్టి ఎవరికీ ఎక్కాలు గుర్తుండవని ఆమెకూ తెలుసు, వాళ్ళకూ తెలుసు. ముందు వరసలో తొమ్మిదేళ్ళ పోలమ్మను పిలిచింది.

"పోలమ్మా, ఇట్లా రా."

పోలమ్మ లేచి వచ్చింది. ఏమీ అడగకముందే కుడిచెయ్యి చాపి, మొహం పక్కకు తిప్పుకుని, కళ్ళు మూసుకుంది.

రెబెక్కమ్మ ఆ చేతిని పట్టుకుంది. పిల్ల ఒళ్ళంతా బిగుసుకుంది. ఆమె పిల్ల రవిక చెయ్యి పైకి జరిపి, చేతిని వెలుతురులోకి తిప్పి చూసింది. నున్నగా, ఎండకు నల్లబడి, ఉప్పు గాలికి పొడిబారిన చర్మం. ఒక్క మచ్చ లేదు.

"నిన్ను నేను ఎప్పుడన్నా కొట్టానా?"

పోలమ్మ ఒక కన్ను తెరిచింది. ఇది ప్రశ్నో, దెబ్బకు ముందు మాటో తెలియలేదు.

"చెప్పు, ఏమీ అనను. ఎక్కడ కొట్టాను?"

పోలమ్మ ఎడమచేతి వేలితో చూపించింది. "ఈడ." మణికట్టు ఎముక మీద. "ఇది వానలప్పుడు. పలక పగలగొట్టినానని." వేలు పైకి జరిగింది. "ఈడ రెండు. కూడికలు తప్పు పోయినాయి." ఆగి, భుజం వెనక తడుముకుంది. "ఇది నేను చెయ్యలేదు టీచరమ్మా. ఆ పొద్దు మాట్లాడింది నేను కాదు."

ఉత్త చర్మం మీద ఆ వేలు ఎక్కడా తడబడలేదు. చాపల మీద మిగిలిన పిల్లలు ఒకరినొకరు చూసుకున్నారు. కొట్టడం లేదని అర్థమయ్యాక ఒకడు లేచాడు. "నాకు మోకాలి మీద టీచరమ్మా." ఇంకొకతి. "నాకు వేళ్ళ మీద. ఈ వేళ్ళు." ఒకరి వెనక ఒకరు వచ్చి, అంగీలు జరిపి, పావడాలు మోకాళ్ళ దాకా ఎత్తి, ఏమీ లేని చోట్లను చూపిస్తున్నారు. ఏ నెల, ఏ పాఠం, ఎన్ని, అన్నీ చెబుతున్నారు. ఆమెకు ఒక్కటీ గుర్తు లేదు. వాళ్ళకు అన్నీ గుర్తున్నాయి. రెబెక్కమ్మ కింద కూర్చుని ఒక్కొక్క చెయ్యీ పట్టుకుని చూసింది.

వరస చివర, సంక్రాంతి తర్వాత బళ్ళో చేరిన ఐదేళ్ళ పిల్ల నిలబడి ఉంది. తన వంతు రాగానే అది రెండు చేతులూ చాపి, ఇటూ అటూ తిప్పి, చూపించడానికి ఏమీ దొరక్క బిక్కమొహం వేసింది.

"నాకింకా పడలేదు టీచరమ్మా," అంది.